సంతకం పెట్టినవాడే తెప్ప ఎక్కాలి

శుద్ధ షష్ఠి

కరణానికి,

నువ్వు ప్రతి పొద్దూ అన్నీ మరిచిపోయి లేస్తావు. అందుకని నీకు నిన్నటి సంగతి రాసిపెట్టే పద్ధతి మన ఊళ్ళో ఉంది. నువ్వు ముందు అది చదివి, తరువాత పనిలోకి దిగుతావు. ఇన్నాళ్ళూ ఆ రాత నా మేనకోడలు నూకరత్నం రాసేది. ఇకమీదట వించిల దగ్గర నిలబడేవాడే రాయాలని కమిటీ తీర్మానించింది. ఆ నిలబడేవాణ్ణి నేను. సూరాడ దానయ్య, వించిల సరంగు. నాకు బడి లేదు. అక్షరాలు తల నెరిశాక వచ్చాయి. ఎక్కడైనా ఒత్తు పోతే నువ్వే కూడబలుక్కో. నన్ను దిద్దవద్దు.

నువ్వు మనిషివి కావు, మాట్లాడే మరవి. నీకు ఇంగ్లీషులో ఏదో పేరుంది. నాకు నోరు తిరగదు. మనకు అర్థం కాని రాతలు రాసి మన బతుకులు నడిపేవాణ్ణి పూర్వం కరణం అనేవారట. నీకు అదే సరిపోయింది.

మన ఊరు నీళ్ళ మీద ఉంది. ఒడ్డు మునిగిపోయాక సిమెంటు పీపాల మీద కట్టారు. ఆరు వాడలు, ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి. వాడకొక లంగరు, లంగరుకొక గొలుసు, ఆ గొలుసును చుట్టి విప్పే వించి. ఎప్పుడు లాగాలో వించికి చెప్పే ప్రోగ్రాం నువ్వు రాస్తావు. మనుషులు రాయడం మానేసి చాలాకాలమైంది. మనుషులు చదువుతారు, సంతకం పెడతారు.

నీ నియమాలు మళ్ళీ చెబుతాను. ఒకటో నియమం నేను పెట్టించింది. పట్టిన గొలుసును ఒగ్గకూడదు, అంటే వదలకూడదు. అల లాగితే నువ్వూ లాగు. రత్నం పెట్టింది ఇంకోటి ఉంది. మనిషి ఒక్క విడతలో చదవలేనంత పని ఒక్కసారిగా ఇవ్వకూడదు. ఊరు పెట్టింది అన్నిటికన్నా పాతది. కొత్త ప్రోగ్రాం ఏదైనా ముందు పిల్లతెప్ప మీద నడవాలి. పిల్లతెప్ప అంటే మన ఊరికి బొమ్మలాంటిది. ఆరు చిన్న వించిలు, గొలుసులకు బదులు ఆరు మోకులు, బయటి సముద్రంలో అలల మధ్య కట్టి ఉంటుంది. ప్రోగ్రాంకి సంతకం ఎవరు పెడితే వాళ్ళే ఆ తెప్ప ఎక్కి నిలబడాలి. అప్పటినుంచీ చదవకుండా సంతకం పెట్టేవాళ్ళు మన ఊళ్ళో లేరు.

ఇప్పటి చిక్కు ఏమిటంటే, మూడో గొలుసు పాడుతోంది. అమావాస్య వెళ్ళినప్పటినుంచి ఒకటే రొద. మూడో వాడలో అటక మీది గిన్నెలు వాటంతటవే మోగుతున్నాయి. నా ఇల్లు అక్కడే, మా చెల్లెలు ఇల్లూ అక్కడే. నీ ప్రోగ్రాంలో తప్పు లేకపోతే పచ్చగా, ఉంటే ఎర్రగా వెలిగే పరీక్షల దీపం మాత్రం పచ్చగానే ఉంది. పచ్చగా ఉన్న దీపం కింద గొలుసు ఎందుకు పాడుతోందో చూడు.

సప్తమి

పొద్దున నీతో, ఆరు వించిలకీ కలిపి కొత్త ప్రోగ్రాం రాసేయమని చెప్పాను. నేను చుట్ట అంటించి రెండు దమ్ములు పీల్చేలోపు రాసిపెట్టేశావు. నాకు భలేగా అనిపించింది. రత్నం వచ్చి తెర కిందికి జరుపుతూ పోయింది, ఎంతకీ అడుగు కనబడలేదు.

"మావా, ఇది సదివేసరికి పున్నమి దాటిపోద్ది."

"సదవడమెందుకే? దీపం పచ్చగానే ఉందిగా."

"సదవకుండా సంతకం నువ్వెట్టి తెప్పెక్కు మరి."

 నువ్వు మధ్యలో కలగజేసుకున్నావు. "ఆమె చెప్పింది సరైనది పెద్దయ్యా. అడిగారు కదా అని అంతా ఒకేసారి రాయడం నా పొరపాటు. ముందు రోగం ఏమిటో తెలియాలి. దీన్ని తీసేస్తాను" అని తీసేశావు. అంత పని చేసి ఒక్క మాటకు చెరిపేసుకోవడం నేను ఎవరిలోనూ చూడలేదు. మా వడ్రంగులైతే పొట్లాటకు వచ్చేవారు. ఇది రాసుకో: దానయ్య తొందరపెట్టినా సరే, పెద్ద పని ఒక్కసారిగా చేయవద్దు.

మధ్యాహ్నం కమిటీ పెద్ద పంతాడి బలరాముడు వించి గదికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి గొలుసు రొద కాసేపు విన్నాడు.

"దానయ్యా, వాయుగుండం కట్టింది. పున్నమికి మన మీదికొస్తాది. అప్పటికి మూడో గొలుసు నోరు మూసుకోవాల. నేదంటే మూడో వాడ బోల్టులు విప్పీసి ఒగ్గేస్తాం."

"ఒగ్గీడానికి అదేటి కుళ్ళిన చేపా?"

"ఆ గొలుసు తెగితే ఊరు ఊరంతా తిరగబడతాది. ఐదు వాడల్ని సూసుకోవాల నాను. జనాన్ని ముందే ఒకటో వాడకి ఎక్కించీస్తాం, ప్రాణాలకేటీ బయం నేదు. ఇల్లే పోతాయి. నాకు మాత్రం సరదానా? మా అత్తోరిల్లు ఆడే ఉంది."

"అందుకే ఒగ్గీమంటున్నావేమో."

బలరాముడు నవ్వాడు గాని, మాట వెనక్కి తీసుకోలేదు.

అష్టమి

ఈరోజు నువ్వు చేసింది రెండుసార్లు చదువుకో.

పొద్దున్నే నన్ను పిలిచి, "పెద్దయ్యా, నాకు చేతులు లేవు. నా కొలతలు గొలుసు బరువును చెబుతాయి, వణుకును చెప్పవు. మూడో గొలుసు మీద చెయ్యి పెట్టి మీకేమనిపిస్తుందో చెబుతారా?" అన్నావు. పెట్టాను.

"లాగుతాది, ఆగుతాది, మల్లీ లాగుతాది. అవతల ఎవుడో కూకుని లాగుతున్నట్టుంది."

"ఇప్పుడు ఐదో గొలుసు చూడండి."

ఐదో దాని దగ్గరికి నడిచి చెయ్యి వేశాను. అదే వరస, కాకపోతే మూడోది ఆగినప్పుడు ఇది లాగుతోంది. చెప్పాను. నువ్వు రెండు గొలుసుల కొలతలూ పక్కపక్కన పెట్టి చూశావు. తరువాత అన్నావు: "ఒక్కో వించిని విడిగా పరీక్షించాను. విడివిడిగా ఆరూ మంచివే. అవి అలతో కాదు, ఒకదానితో ఒకటి పోట్లాడుతున్నాయి. మూడోది లాగితే ఆ కుదుపును ఐదోది అల అనుకుంటోంది. అదీ లాగుతోంది. దాన్ని మూడోది అల అనుకుంటోంది. నా పరీక్ష ఈ సంగతి అడగనే లేదు. అందుకే దీపం పచ్చగా ఉంది."

మందు వేస్తావనుకున్నాను. వేయలేదు. ముందు కొత్త పరీక్ష రాశావు. ఆరు వించిలూ కలిసి, తుఫాను అలల్లో ఎలా నడుస్తాయో చూసే పరీక్ష. అది నడిపావు. దీపం ఎర్రగా అయిపోయింది. మన ఊళ్ళో ఆ దీపం ఎర్రబడగా నేను చూడలేదు. బలరాముడు పరుగెత్తుకొచ్చాడు.

"పచ్చగా ఉన్నదాన్ని ఎర్రగా సేసినావేటి కరణం? కమిటీకి ఏటి సెప్పమంటావు? ఆ పరీక్షలో హద్దేదో కాసింత సడలించీ."

"సడలిస్తే దీపం పచ్చగానే వెలుగుతుంది బలరాముడు గారూ. కానీ ఆ సంగతి గొలుసుకు తెలియదు కదా" అన్నావు.

బలరాముడు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.  తన పనిలో తప్పు పట్టుకోవడానికి తనే కాపలా పెట్టుకునేవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. నేను నలభై మందితో పని చేయించినవాణ్ణి. ప్రతివాడూ తప్పు దాచినవాడే, నాతో కలిపి.

నవమి

ఈరోజు నీకూ నాకూ పడలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

"పెద్దయ్యా, ఒకటో నియమం గురించి మాట్లాడాలి. అల పెద్దదైనప్పుడు కొన్ని వించిలు గొలుసును కొంచెం ఒగ్గాలి. మీ నియమం ఒగ్గవద్దంటోంది. దాని పక్కన కారణం రాసి లేదు. కారణమేమిటి?" అని అడిగావు.

"కారణమా? కారణం నేనే" అన్నాను.

నిజమే చెప్పాను. నా మాటకు ఈ ఊళ్ళో కారణం ఎవరూ అడగరు.

"సరే. నియమం మీరు ఉంచితే నేను దాటను. చాటుగానూ దాటను. దాని లోపల ఏం చేయగలనో చేస్తాను. కానీ అది పున్నమికి నిలుస్తుందని మాత్రం చెప్పలేను."

రత్నం అందుకుంది. "ఇన్నావా మావా, నిలవదంటంది."

"అదెప్పుడైనా తాడు పట్టిందేటే?"

"నువ్వెప్పుడైనా అది రాసింది సదివినావా? నాను సంతకం ఎట్టను."

"ఎట్టకు. నానెడతాను."

నా నియమం దాటకుండా నువ్వు ప్రోగ్రాం రాశావు. సంతకానికి ముందు పద్ధతి ఒకటుంది కదా, ప్రోగ్రాం చదవడం రానివాడికి దాన్ని మాటల్లో చెప్పాలి, వాడు తిరిగి అప్పజెప్పాలి. నువ్వు చెప్పావు. నేను అప్పజెప్పాను. "అలొచ్చి లాగితే ఆరు వించిలూ లాగుతాయి. ఏదీ ఒగ్గదు. ఎంత లాగితే అంత లాగుతాయి."

"అంతే పెద్దయ్యా. సరిగ్గా అప్పజెప్పారు" అన్నావు. నీ గొంతులో ఎకసెక్కం వెదికాను. లేదు. ఉంటే బాగుండేది, తిట్టేవాణ్ణి.

సంతకం పెట్టాను. రేపు తెప్ప ఎక్కుతాను.

దశమి

రత్నం రాస్తోంది. మావయ్యకు పక్కటెముకలు కమిలాయి, చెయ్యి లేవడం లేదు. ఆయన చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. ఒక్క అక్షరం మార్చినా ఊరుకోనంటున్నాడు. ఇక ఆయన మాటలు:

తెప్ప మీద మూడో మోకు పక్కన నిలబడ్డాను. గాలి ఎక్కువగా లేదు, వాయుగుండం ముందు వచ్చే పొడుగు అలలు మాత్రం వస్తున్నాయి. మొదటి అలకు ఆరు మోకులూ బిగిశాయి. రెండో అలకు ఇంకా బిగిశాయి. అల పోయాక కూడా వదల్లేదు, ఒకదాన్నొకటి లాగుతూనే ఉన్నాయి. మోకుల్లోంచి నీళ్ళు పిండినట్టు కారాయి. తెప్ప మూల నీళ్ళలోకి దిగింది.

తెప్ప మీది స్పీకరులోంచి నీ మాట వచ్చింది. "పెద్దయ్యా, మూడో మోకు దగ్గర నిలబడకండి."

నీ మాట వినడం నాకు ఇష్టం లేదు. కానీ ఒక్క అడుగు పక్కకు వేశాను. మోకు తెగింది. నేను అంతకుముందు నిలబడిన చోట చెక్క చీలిపోయింది. కొస మాత్రం నా డొక్కలో తగిలింది. తరువాత నీళ్ళు. రత్నం పడవలోంచి కొక్కెం వేసి నన్ను చొక్కా పట్టుకుని లాగింది, తిమింగలం పిల్లను లాగినట్టు.

(తిమింగలం మాట ఆయనది కాదు, నాది. ఆయన అంత బరువున్నాడు. — నూకరత్నం)

ఇంకోటి రాయమంటున్నాడు. అడుగు వెయ్యమని నువ్వు చెప్పకపోతే ఈ రాత ఉండేది కాదు. అది రాసి, గీత కొట్టమన్నాడు. నేను కొట్టలేదు.

ఏకాదశి

ఈరోజు చెయ్యి లేస్తోంది. నేనే రాస్తున్నాను.

పడుకునే ఉన్నాను. మంచం పక్కన రత్నం నీ స్పీకరు పెట్టి వెళ్ళింది. నువ్వు పొద్దున లేచి దశమి నాటి రాత చదివావు కాబట్టి అంతా తెలుసు. "నేను ముందే చెప్పాను" అంటావని కాచుకు కూర్చున్నాను. అనలేదు.

"నొప్పి ఎలా ఉంది?" అన్నావు.

"ఉంది."

"నవమి నాడు నేనడిగిన కారణం ఇప్పుడైనా చెబుతారా? నియమం కొట్టేయడానికి కాదు. దానిలో నేను పోగొట్టకూడనిది ఏదో ఉండొచ్చు."

ఆ మాట నన్ను మెత్తబరిచింది. ఓడినవాడి దగ్గరికి వచ్చి, నీ దగ్గర ఇంకా ఏదో విలువైనది ఉందేమో చూద్దామనే మనిషి ఎక్కడ ఉంటాడు? చెప్పాను. మా నాన్న సూరాడ గురయ్య. ఒడ్డు ఇంకా మునగని కాలం. తీరం మీద నిలబడి సముద్రంలోంచి పెద్దవల లాగేవారు. రెండు వరసల జనం, రెండు మోకులు. నడుమ ఇసక దిబ్బ మీద మా నాన్న. ఆయన మోకు పట్టడు. సముద్రాన్ని చూస్తూ కేక వేస్తాడు, అంతే. చేతిలో కర్ర. మోకు ఒగ్గినవాడి పిక్క మీద ఆ కర్ర పడేది. నాకూ పడింది, మచ్చ ఇప్పటికీ ఉంది. అప్పుడే మనసులో రాసుకున్నాను, పట్టింది ఒగ్గకూడదని. ఆ మాట మీదే బతికాను. ఆ మాటే నీకు ఒకటో నియమం చేశాను.

"మోకు ఒగ్గినవాళ్ళందరికీ దెబ్బ పడేదా?" అన్నావు.

"అందరికీ ఎందుకు పడతాది? కేక లేకుండా ఒగ్గినోడికి."

"కేక ఉంటే?"

"కేక ఉంటే అందరూ..."

అక్కడ నాకు మొత్తం గుర్తొచ్చింది. పెద్ద అల విరగబోయే ముందు మా నాన్న "ఒగ్గండ్రా" అని అరిచేవాడు. రెండు వరసలూ ఒక్కసారే పట్టు సడలించేవి. అరచేతుల్లోంచి మోకు జరజరా జారేది. అల వెళ్ళాక మళ్ళీ "పట్టు" అనేవాడు. అలా ఒగ్గకపోతే వల చిరుగుతుంది, లేదా మోకు తెగుతుంది. మూడేళ్ళ పిల్లవాడికి కూడా తెలిసిన సంగతి. దెబ్బ తిన్న సంగతి గుర్తుపెట్టుకుని, కేక సంగతి మరిచిపోయాను. సగం మాటను నియమం చేసి నీ నెత్తిన పెట్టాను. నువ్వు దాన్ని ఇన్నాళ్ళూ పూర్తి మాటలా మోశావు.

నువ్వు తొందరపడలేదు. నేను కళ్ళు తుడుచుకునేదాకా ఆగావు. పక్కటెముకల నొప్పికి వచ్చిన నీళ్ళు అవి.

"మన వించిలకు కేక లేదు పెద్దయ్యా. ఆరుగురూ మోకు పట్టారు. దిబ్బ మీద ఎవరూ లేరు" అన్నావు.

ద్వాదశి

ప్రోగ్రాం రాయకముందే ఏం చేయబోతున్నావో మాటల్లో చెప్పావు. అల ముందుగా ఏ వాడకు తగిలితే ఆ వాడ వించి కేక వేస్తుంది, అంటే మిగతా వించిలకు సంకేతం పంపుతుంది. అది పట్టి ఉంటుంది, మిగతావి కొలత ప్రకారం ఒగ్గుతాయి. అల దాటాక పడమట నుంచో తూర్పు నుంచో మళ్ళీ ఎక్కడ తగిలితే అక్కడికి కేక మారుతుంది. కేక లేకుండా ఏదీ ఒగ్గదు. రత్నం ఒక ప్రశ్న వేసింది. కేక వేసే వించే చెడిపోతే ఎలా అని. దానికి నువ్వు "అది నేను ఆలోచించలేదు" అని, పక్కవాడు కేక అందుకునేలా మార్చావు. అంతా ఒప్పుకున్నాక రాశావు.

చిన్నదిగా ఉంది. రత్నం పొయ్యి మీద అన్నం పెట్టి చదవడం మొదలెట్టి, గంజి వార్చేలోపు పూర్తి చేసింది. ఎర్ర దీపం పచ్చగా మారింది. ఈసారి ఆ పచ్చని నమ్మాను.

తరువాత నాకు మాటల్లో చదివి వినిపించావు. నడుమ ఒక వరస దగ్గర రత్నం నవ్వి, "మావా, ఇది ఇను" అంది. ప్రోగ్రాం మధ్యలో, మర చదవని చోట, మనుషుల కోసం నువ్వు రాసుకునే మాటలు ఉంటాయట. అక్కడ ఇలా రాశావు: "ఈ పద్ధతి సూరాడ గురయ్యది. ఆయన తీరాన నిలబడి అలను చూసి కేక వేసేవారు. ఈ వరస తీసేయాలనుకునేవారు ముందు ఆయన కొడుకును అడగండి."

మా నాన్న వేలిముద్ర వేసినవాడు. ఆయన పేరు ఎక్కడా రాసి లేదు, ఆధార్ కార్డు మీద తప్ప, అదీ ఒడ్డుతోపాటు పోయింది. ఇప్పుడు ఊరు తేలుతున్న రాతలో ఆయన పేరు ఉంది. నేను లేచి బయటికి వెళ్ళి, కాసేపు సముద్రం చూసి వచ్చాను.

త్రయోదశి

సంతకం రత్నం పెట్టింది. నేను వద్దన్నాను.

"మీ అమ్మకి నానేటి సెప్పుకోవాల?"

"అమ్మతోటి నాను సెప్పీసినాను. నువ్వు పక్కటెముకలు సూసుకో."

ఆమె సంతకం కింద నా సంతకం కూడా పెట్టాను. పద్ధతి ప్రకారం ఇద్దరమూ ఎక్కాలి. ఆమె గొణిగింది గాని, ఎక్కేటప్పుడు చెయ్యి అందించింది.

అలలు దశమి నాటికన్నా పెద్దవి. మొదటిది వచ్చింది. తెగాక కొత్తగా కట్టిన మూడో మోకు బిగిసింది, మిగతావి జారాయి. తెప్ప అల మీదికి ఎక్కి, ఊయల దిగినట్టు దిగింది. నాలుగోది అందుకుంది. మూడోది జారింది. రత్నం నా మోచెయ్యి పట్టుకుని ఉంది, పట్టుకున్న సంగతి ఆమెకు తెలియదు. నేను మోకులు చూడటం మానేశాను. కళ్ళు మూసుకుని విన్నాను. అదే వరస. బిగువు, జారు. బిగువు, జారు. ఇసక మీద మనుషుల పాదాల చప్పుడు ఒక్కటే లేదు.

సాయంత్రానికి ఆ ప్రోగ్రాంని ఊరి వించిలన్నిటికీ ఎక్కించారు. మూడో గొలుసు పాడటం మానేసింది. గిన్నెల మోత ఆగినందుకు నిద్ర పట్టడం లేదని మా చెల్లెలు సణుగుతోంది. బలరాముడు మాత్రం బోల్టుల దగ్గర పానా పెట్టించాడు. "గాలొచ్చినప్పుడు సూద్దారి" అన్నాడు. అతని జాగ్రత్త అతనిది. నేను తప్పు పట్టను.

పౌర్ణమి

తుఫాను పొద్దున్నే వచ్చింది. మూడో వాడ జనాన్ని ఒకటో వాడకు ఎక్కించారు. మూడో వించి గదిలో నేను, బోల్టుల దగ్గర పానాతో బలరాముడు, తెర ముందు రత్నం, స్పీకరులో నువ్వు.

మధ్యాహ్నానికి ఆకాశం, నీళ్ళు ఒకే రంగు అయిపోయాయి. ఈశాన్యం నుంచి కొట్టేటప్పుడు రెండో వాడ కేక వేసింది. అది మూలుగుతుంటే మిగతా ఐదూ ఊపిరి వదిలినట్టు గొలుసు వదిలాయి. ఊరు లేచింది. ఊరు దిగింది. వేలమంది బరువు, బడి, ఆసుపత్రి, కొట్లు, కోళ్ళు, అన్నీ కలిపి ఒక్క వీపులా లేచి దిగాయి. నేను సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి. ఇంత పెద్దది ఇంత మెత్తగా కదలడం చూడలేదు.

అప్పుడు గాలి తిరిగింది. గుండం నడిమి భాగం దాటి ఆగ్నేయం నుంచి కొట్టింది. కేక రెండో వాడ నుంచి మూడో వాడకు మారాలి. మారేముందు ఒక్క క్షణం మా గొలుసు వదులుగా జారింది. జారుతూనే ఉంది. గది ఒరిగింది. నా చెయ్యి దానంతటదే బ్రేకు కర్ర మీద పడింది. ఆ కర్ర లాగితే వించి అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. నువ్వు రాసిందేదీ దాన్ని ఆపలేదు. మనిషి చేతికి ఆఖరి మాట ఉండాలని పెట్టిన కర్ర అది.

"దానయ్యా, విప్పీమంటావా?" బలరాముడి గొంతు గాలిలో సగం వినబడింది.

"కరణం," అన్నాను, "ఇది జారతంది."

"అవును పెద్దయ్యా. జారాలి. రెండో వాడ ఇంకా కేక వేస్తోంది. బ్రేకు మీ చేతిలో ఉంది. మీరు లాగితే నేను అడ్డురాను."

బతిమాలలేదు. భయపెట్టలేదు. ఉన్నది చెప్పి ఊరుకున్నావు. నా చెయ్యి కర్ర మీదే ఉంది. పిక్క మీది మచ్చ మండినట్టయింది. లాగు లాగు అంటోంది ఒళ్ళంతా. ఆ చేతిని నేను చూశాను. ఒక్కో వేలూ విప్పాను. ఒగ్గాను.

గొలుసు ఇంకాస్త జారింది. ఆగింది. అప్పుడు మా వించి కేక అందుకుంది. మూలిగింది, పట్టింది. ఆ మూలుగుకు మిగతా ఐదూ ఒక్కసారే ఒగ్గాయి. నీళ్ళ కొండ మూడో వాడను తాకి, కింద నుంచి దూరి, మమ్మల్ని పైకి ఎత్తి, అవతలికి వెళ్ళిపోయింది. తరువాతది వచ్చింది. అదీ వెళ్ళింది. నేను నేల మీద కూలబడ్డాను. గోడల్లోంచి, నేలలోంచి, ఎముకల్లోంచి వినబడుతోంది. ఇనప మనుషులు ఆరుగురు, ఇసక లేని తీరంలో, మా నాన్న కేకకు లాగుతున్నారు.

సాయంత్రం బలరాముడు పానా పట్టుకుని లోపలికి వచ్చాడు. నా ముందు కింద పెట్టాడు.

"ఇదెక్కడెట్టమంటావు?"

"మీ అత్తోరింటి గుమ్మంలో ఎట్టు. మల్లీ ఎప్పుడైనా ఒగ్గీయాలనిపిస్తే దగ్గరగా ఉంటాది."

పాడ్యమి

కరణానికి,

ఇప్పుడే లేచి ఉంటావు. నీకు ఏమీ గుర్తుండదు. ఊరు నిలబడింది. మూడో వాడ మూడో వాడగానే ఉంది. మా చెల్లెలు పొయ్యి వెలిగించింది, పొగ ఇక్కడికి కనబడుతోంది. అది నువ్వు చేసిన పని. నీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఊళ్ళో అందరికీ తెలుసు, నీకు తప్ప. అది నాకు ఎంత ఆలోచించినా మింగుడు పడటం లేదు. ఇంత పని చేసినవాడు ఏమీ చేయనివాడిలా లేచి, ఈరోజు పనేమిటని అడుగుతాడు. మాకు అలాంటి గుణం ఒక్క రోజు ఉన్నా చాలు.

ఒకటో నియమం మార్చాను. నా చేత్తోనే రాస్తున్నాను, ఒత్తులు చూసుకో: కేక వినబడితే ఒగ్గాలి. కేక లేకుండా ఒగ్గకూడదు. కారణం: అలను చూసేవాడు ఒకడుంటేనే పట్టుకీ అర్థం ఉంది, విడుపుకీ అర్థం ఉంది. ఈ కారణం సూరాడ గురయ్యది. సగం మరిచిపోయింది ఆయన కొడుకు. మిగతా సగం అడిగింది నువ్వు. ఇకమీద ఏ నియమం పక్కన కారణం లేకపోయినా, ఎంత పెద్దవాడు పెట్టినా సరే, అడుగు.

ఈరోజు పనేమిటంటే, ఐదో వించి కేక అందుకోవడంలో వెనకబడుతోంది. నిన్న చెవితో విన్నాను. అది చూడు. చిన్న ముక్కగా ఇవ్వు. రత్నం ఇప్పుడే పడుకుంది, లేపకు. సాయంత్రం ఆమె లేచి చదువుతుంది. ఈలోపు నాకు మాటల్లో చెప్పు, అప్పజెబుతాను. ఆమె సంతకం కింద నాదీ ఉంటుంది.

తుఫానుకు నలిగిన పిల్లతెప్ప మోకు తీసి కొత్తది వేశాను.